ఒక కత్తెర, రెండు కొడవళ్ళు

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. అసలు మొగుడు పోయాక వదినకు మిగిలింది ఆ అర్ధమే. అన్న పోయిన ఏడాదిలోగా ఈ ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకుని విడిపోతారని చుట్టాలంతా కాచుకు కూర్చున్నారు. వాళ్ళ కాళ్ళు నొప్పులు పుట్టాయే తప్ప ఆ ముచ్చట తీరలేదు. పైన రెండు గదులు, కింద కొట్టు, కొట్టులో ఎదురెదురుగా రెండు కుట్టుమిషన్లు. కొత్తబట్టలు కుట్టే కొట్టు కాదది, ఉన్న బట్టలను మనుషులకు సరిచేసే కొట్టు. పొట్ట పెరిగినవాళ్ళకు నడుము వదులు చేస్తారు, జిప్పులు మారుస్తారు, చిరుగులు కనబడకుండా కుడతారు. వదిన టేపుతో కొలిచి సుద్దతో గీస్తే ఆడపడుచు మిషను మీద కుట్టేది.

ఆ ఆడపడుచుకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది ఎవరికీ గుర్తులేదు. వదిన కాపురానికి వచ్చిన రోజున గుమ్మంలో ఒక పీలపిల్ల గెంతుతూ కనిపించిందట. "ఎవరీ పిచ్చుక?" అందట వదిన. అంతే, ఆ రోజునుంచి పిచ్చుకే. ఇప్పుడు ఆ పిచ్చుక మెట్లెక్కితే మెట్లు మూలుగుతాయి. పెళ్ళి చేసుకోమంటే, "మీ ఇద్దరినీ చూశాక కూడానా?" అని తప్పించుకుంటూ వచ్చి, చివరికి అడిగేవాళ్ళే లేని వయసుకు చేరింది.

వాళ్ళింట్లోకి ఆ ఆట తెచ్చింది అన్న. చెక్కబిళ్ళల ఆట. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండా ఏడు బిళ్ళలు తీసుకోవాలి. గళ్ళ అట్ట మీద వాటితో మాటలు పేర్చాలి. అరుదుగా వచ్చే అక్షరానికి ఎక్కువ పాయింట్లు. ఏది మాటో ఏది కాదో తేల్చడానికి ఒక లావుపాటి పుస్తకం ఉంటుంది. అందులో మాటలే ఉంటాయి, అర్థాలు ఉండవు.

అన్న ఆ ఇద్దరికంటే నాలుగక్షరాలు ఎక్కువ చదువుకున్నవాడు. ఆ నాలుగక్షరాలూ చూపించుకోవడానికి ఆట బల్ల కంటే మంచి చోటేముంది? పెళ్ళామో చెల్లెలో ఒక మాట వేస్తే చాలు, "ఏదీ, అర్థం చెప్పు చూద్దాం" అనేవాడు. కొన్నాళ్ళు ఓర్చుకుంది వదిన. ఒకరోజు చేతిలో కత్తెర బల్ల మీద ఠక్కున పెట్టి, "ఇది ఆటా, పరీక్షా? ఇవాళ్టినుంచి ఈ బల్ల దగ్గర ఎవరు అర్థం అడిగితే వాళ్ళ వంతు పోయినట్టే" అంది.

"అర్థం తెలియని మాట ఎందుకే?" అన్నాడు అన్న.

"అడిగావు. పోయింది నీ వంతు. పిచ్చుకా, నువ్వాడు."

అలా మొదలైంది ఆ చట్టం. అన్న పోయాడు గాని చట్టం పోలేదు. సాయంత్రం కొట్టు షట్టరు సగం దించి, బొత్తాల డబ్బాలు పక్కకు జరిపి, కటింగు బల్ల మీదే అట్ట పరిచేవాళ్ళు. వాళ్ళకు మాటలంటే మొహాలే, మనసులు కావు. అక్షరాలకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు కూడా కొట్టులోవే. ఎక్స్ అంటే కత్తెర, జెడ్ అంటే వంకరకుట్టు, జే అంటే కొక్కెం, క్యూ అంటే తోకసున్నా. సీ మాత్రం కొట్టులో దొరక్క కొడవలి అయింది. ఒకే రకం అక్షరాలున్న మాటలన్నీ ఒక ఇంటివాళ్ళు. తోకసున్నా ఉండి పక్కన యూ లేని ఇల్లు ఒకటుంది. అందులో ఫకీరు ఒక్కడే తెలిసినవాడు, మిగతావాళ్ళంతా ముక్కూ మొహం తెలియని చుట్టాలు. అసలు అచ్చులే లేని ఇల్లు ఒకటుంది. ఆ ఇంటివాళ్ళను పలకరించాలంటే నోరు తిరగక, వేలితో చూపించుకునేవాళ్ళు. మిషను తొక్కుతూ తొక్కుతూ, "రెండు వంకరకుట్లు, చివర వై!" అని వదిన అరిస్తే, పళ్ళమధ్య దారం తీయకుండానే పిచ్చుక ఆ ఇంటివాళ్ళందరినీ వరసగా పిలిచేది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళు బిత్తరపోయి చూసేవాళ్ళు.

అన్ని ఇళ్ళలోకీ వదినకు ఇష్టమైనది ఒక కత్తెర, రెండు కొడవళ్ళు ఉన్న ఇల్లు. చాలా చిన్న ఇల్లది. అందులో సికాట్రిక్స్ ఒకటి, కాకెక్సియా ఒకటి. కాకెక్సియా అనడంలోనే ఆమెకు ఏదో సరదా ఉండేది. కత్తెర సంచి మొత్తానికి ఒకటే, కొడవళ్ళు రెండే. ఆ మూడూ ఒకే చేతికి రావాలి. ఎన్నేళ్ళు ఆడినా రాలేదు. "పోయేలోగా ఒక్కసారి కాకెక్సియా వేసి పోవాలే" అనేది వదిన నవ్వుతూ. "వేసే వెళ్దువుగాని, తొందరేముంది?" అనేది పిచ్చుక.

మాటలు పిచ్చుకకే ఎక్కువ వచ్చు. గెలిచేది మాత్రం ఎక్కువగా వదినే. కారణం పిచ్చుక మొహం. అదొక అద్దాల బీరువా. మంచి బిళ్ళ చేతికొస్తే కనుబొమలు పైకి లేస్తాయి, చెడ్డది వస్తే కింది పెదవి ముందుకొస్తుంది. వదిన తన బిళ్ళలు చూసుకునే ముందే ఒకసారి తలెత్తి ఆడపడుచు మొహం చూసేది. చూసి, ఆ తర్వాత ఎక్కడ అడ్డం వెయ్యాలో అక్కడ వేసేది. పోటీల్లో పైవాళ్ళెవరికీ ఆ మొహం చదవడం వచ్చేది కాదు గనుక, పక్క ఊళ్ళలో పిచ్చుక గెలుచుకొచ్చిన కప్పులు అటక మీద చాలానే ఉన్నాయి.

వదినకు కడుపులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు. చేసి, కుట్లు వేసి, మందులిచ్చి ఇంటికి పంపారు. "కుట్లు ఏం బాలేవు, మనం వేసినా ఇంతకంటే నీటుగా ఉండేవి" అంది వదిన అద్దంలో చూసుకుని. ఆ మాటకు ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతాయని మళ్ళీ తిట్టుకున్నారు.

తర్వాత వదిన ఒంటిమీద గౌన్లు వదులవసాగాయి. దర్జీ ఇంట్లో వదులు బట్ట వేసుకుంటే కొట్టుకే పరువు తక్కువ. వదినే అద్దం ముందు నిలబడి, తన గౌనును తానే రెండు వేళ్ళతో పట్టి చూసుకుని, సుద్దతో గీత గీసి ఇచ్చేది. పిచ్చుక ఆ గీత వెంట లోపలికి కుట్టేది. ఇంకొన్నాళ్ళకు ఆ గీత పక్కన ఇంకో గీత, ఆ తర్వాత దానికి లోపల మరొకటి. మిగిలిన గుడ్డను మాత్రం ఎప్పుడూ కత్తిరించలేదు. అది వదిన నేర్పిన పద్ధతే. తగ్గించేటప్పుడు గుడ్డ కోయకూడదు, లోపలికి మడిచి కుట్టాలి, మనిషి మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చు. "నువ్వు ఒళ్ళు చేసేసరికి నాకు ఈ కుట్లన్నీ విప్పే పని పెట్టావు" అని పిచ్చుక గొణిగేది. అప్పటికే ఆ గౌనులో బయట కనిపించే గుడ్డకంటే లోపల దాగిన గుడ్డ ఎక్కువైంది.

ఆ నెల చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరమ్మ చిన్నవయసుది. బయట వరండా నిండా జనం, లోపల ఆమె కళ్ళ కింద నల్లటి చారలు. వదినను బరువు చూసే మిషను ఎక్కించి, మణికట్టు పట్టుకుని, భుజం మీద కండ నొక్కి చూసి, కుర్చీలో కూర్చుంది. చీటీలో బరువు రాసుకుంది.

"కాకెక్సియా మొదలైందండీ" అంది. అని, ఆ తర్వాతది ఎలా చెప్పాలో తోచక, తలెత్తి పిచ్చుకను అడిగింది. "ఆ మాట మీకు తెలుసా?"

పిచ్చుక కనుబొమలు పైకి లేచాయి. మొహం చాటంత అయింది. ఊరుకాని ఊళ్ళో, మందుల వాసన కొట్టే గదిలో, సొంత ఇంటి మనిషి ఎదురైనట్టయింది ఆమెకు.

"తెలుసు డాక్టరుగారూ! బాగా తెలుసు."

"తెలుసా?" అంది డాక్టరమ్మ ఆశ్చర్యంగా. "చాలామందికి తెలియదు."

"మాకు ఏళ్ళబట్టీ తెలుసండీ. మా వదినక్కూడా తెలుసు."

వదిన పిచ్చుక మొహంకేసి చూసింది. చూసి, తనూ తలూపింది, కాస్త గర్వంగానే.

చెడ్డకబురు విడమరచి చెప్పడం ఎవరికి మాత్రం సరదా? పొద్దుటినుంచీ అలాంటివి ఎన్ని చెప్పిందో, డాక్టరమ్మ గుండెల నిండా ఊపిరి తీసుకుంది. "అయితే నేను మళ్ళీ చెప్పక్కర్లేదన్నమాట. మీరిద్దరూ ఇంత ధైర్యంగా ఉన్నారు, అదే కావాలి. ఇక పథ్యాలేవీ వద్దు. బలవంతాన తినిపించకండి. ఆవిడకి ఏది ఇష్టమైతే అదే చెయ్యండి" అని లేచి నిలబడి, వదిన చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

ఆ మాటకు అర్థం ఇక్కడే చెప్పేసుకోవడం మంచిది. ఇది వాళ్ళ బల్ల కాదు గనుక మన వంతేమీ పోదు. రోగం ముదిరి, తిన్నది ఒంటికి పట్టక, ఉన్న కండ కరిగిపోతూ మనిషి తరిగిపోవడాన్ని డాక్టర్లు అలా అంటారు. వదినకు ఇక ఎన్నో రోజులు లేవని డాక్టరమ్మ చెప్పాలనుకుంది. చెప్పాననే అనుకుంది. విన్న ఇద్దరికీ మాత్రం ఆ మాటలోని ఎనిమిది అక్షరాలూ తెలుసు, దాని పాయింట్లు తెలుసు, దాని ఇంటివాళ్ళంతా తెలుసు. మెట్లు దిగుతూ పిచ్చుక అంది, "విన్నావా వదినా, పథ్యం ఎత్తేశారు. పథ్యం ఎత్తేశారంటే తగ్గినట్టే." వదిన నవ్వి, "ఎన్ని ఆటల్లో కాచుకున్నాం, చివరికి డాక్టరమ్మ చేతిలో పడింది మన కాకెక్సియా" అంది.

ఆ వారంలోనే ఆ ఆటకు చుట్టుపక్కల ఊళ్ళ పోటీలు. పక్క ఊళ్ళో రెండు రోజులు, మధ్యలో ఒక రాత్రి అక్కడే పడక. వెళ్ళనంది పిచ్చుక. వెళ్ళాలంది వదిన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం వదిన.

"డాక్టరమ్మ ఏమంది? నాకేది ఇష్టమైతే అది చెయ్యమందా లేదా? నువ్వు పోటీకెళ్ళడం నాకిష్టం. వెళ్ళు."

"నువ్వొక్కదానివీ ఎలా ఉంటావు?"

"పక్కకొట్టు గడియారాలావిడ పైకొచ్చి పడుకుంటానంది. నా గోల సరే, నువ్వు నాకో పని చేసిపెట్టు. కాకెక్సియా వేసిరా. నా చేత్తో రాలేదు, నీ చేత్తోనైనా రానీ."

"దానికోసం బిళ్ళలు దాచుకుంటూ కూర్చుంటే ఆట పోతుంది వదినా."

"పోతే పోనీవే. ఓడినా గెలిచినా ఇంటికేగా వస్తావు."

బయల్దేరేముందు వదిన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఎవరిదో చొక్కాకు బొత్తాం కుడుతోంది. సూదిలో దారం ఎక్కించలేకపోతే పిచ్చుక ఎక్కించి ఇచ్చింది. "చలిగాలి తగలనీకు" అంది. "పోవే, చెవిలో జోరీగా" అంది వదిన.

పోటీ జరిగేది ఒక పెద్ద హాల్లో. వరసగా బల్లలు, బల్ల బల్లకూ రెండు ముఖాల గడియారం, ఎటు విన్నా సంచుల్లో బిళ్ళల గలగల. మొదటిరోజు పిచ్చుక బాగానే ఆడింది. రెండోరోజు పొద్దున ఆమెకు ఎదురుగా కూర్చున్నది ఒక రిటైరైన నర్సమ్మ. తెల్లని జుట్టు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, నెమ్మదైన మనిషి.

ఆ ఆటలో మొదట్లోనే పిచ్చుక చేతికి కత్తెర వచ్చింది. ఆ వెంటనే ఒక కొడవలి. తెలివైన ఆటగాళ్ళు ఎవరైనా ఆ కత్తెరను అప్పుడే ఎక్కడో ఒకచోట వేసి పాయింట్లు తీసుకుంటారు. పిచ్చుక వెయ్యలేదు. దాచుకుంది. చిన్నచిన్న మాటలు వేస్తూ, వెనకబడుతూ, ఒక వంతు పూర్తిగా వదులుకుని బిళ్ళలు మార్చుకుంటూ కాచుకుంది. నర్సమ్మ చాలా ముందుకు వెళ్ళిపోయింది. సంచి అడుగంటుతుండగా చెయ్యి పెట్టి తీస్తే రెండో కొడవలి వచ్చింది. అట్ట మీద పైవరసలో ఒక ఏ అక్షరం ఒంటరిగా నిలబడి ఉంది. దాన్ని కలుపుకుని పిచ్చుక ఒక్కొక్క బిళ్ళా పేర్చింది. ఏడు బిళ్ళలూ దిగాయి. మూలనున్న, పాయింట్లు మూడింతలు చేసే ఎర్రగడి కూడా తగిలింది.

నర్సమ్మ ఆ మాటకేసి చూసి కళ్ళద్దాలు తీసింది.

"అనుమానముంటే పుస్తకం చూపించమనండి" అంది పిచ్చుక, సంతోషం పట్టలేక.

"చూడక్కర్లేదమ్మా. ఆ మాట నాకు తెలుసు."

"మీకూ తెలుసా! మా వదినకి ప్రాణమండీ ఈ మాటంటే. ఏళ్ళ తరబడి వెయ్యాలని ఆశ. చిత్రం చూడండి, మొన్న డాక్టరుగారు కూడా ఆవిడతో ఈ మాటే అన్నారు."

నర్సమ్మ చెయ్యి సంచి మీదే ఆగిపోయింది. "ఎవరితో అన్నారు?"

"మా వదినతోనే. మొదలైంది అన్నారు."

నర్సమ్మ సంచి పక్కన పెట్టేసింది. "మరి నువ్వు ఇక్కడేం చేస్తున్నావమ్మా?" అంది మెల్లగా.

ఆ గొంతు విని పిచ్చుక బిళ్ళలు వదిలేసి తలెత్తింది. అన్న ఎన్నిసార్లు ఎగతాళి చేసినా, ఎంతమంది చదువుకున్నవాళ్ళ ముందు కూర్చున్నా ఆమె నోటినుంచి రాని ప్రశ్న అప్పుడు వచ్చింది. "ఆ మాటకి అర్థం ఏమిటండీ?"

నర్సమ్మ తన గడియారం ఆపలేదు, పిచ్చుక గడియారం ఆపలేదు. బల్ల మీదుగా వంగి, మంచం పక్కన కూర్చున్నవాళ్ళతో మాట్లాడే గొంతుతో చెప్పింది. మనిషి కరిగిపోవడమమ్మా, అంది. ఎంత పెట్టినా ఒంటికి పట్టదు, అంది. మా వార్డులో ఆ మాట వినబడిందంటే దగ్గరివాళ్ళని పిలిపించుకోమనేవాళ్ళం, అంది.

పిచ్చుక తన చేతులకేసి చూసుకుంది. గీత పక్కన గీత, దానికి లోపల మరో గీత. ఆ గీతలన్నింటి వెంటా కుట్టినవి ఆ చేతులే. ఆ మాట అర్థం ఆ చేతులకు ఎప్పుడో తెలుసు. నోటికి ఆ మాట తెలుసు. రెండూ ఒకే ఒంట్లో ఉండి కూడా ఒకదానికొకటి చెప్పుకోలేదు. పైగా చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, తెలుసు డాక్టరుగారూ, బాగా తెలుసు అంది! ఏం తెలుసు? తెలియదని ఒక్క ముక్క అని ఉంటే ఆ డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పేది కదా. ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. బిళ్ళలు కింద పడి దొర్లాయి. ఎవరో ఆట నియమాలేవో చెబుతున్నారు. సంచీ భుజాన వేసుకుని వెనక్కి చూడకుండా బయటికి నడిచింది.

బస్సులో గడియారాలావిడకు ఫోన్ చేసింది. "నిద్రపోతోందమ్మా. పొద్దుట్నుంచి లేవలేదు. లేపినా మళ్ళీ అలాగే మాగన్నుగా ఉండిపోతోంది. నీకు ఫోన్ చేస్తానంటే వద్దంది, ఆట మధ్యలో పిలవకూడదంది" అంది ఆవిడ. పిచ్చుక కిటికీకి తల ఆనించి దారి పొడుగునా ఏడ్చింది. పక్కసీటామె మంచినీళ్ళ సీసా ఇస్తే తాగడం కూడా చేతకాలేదు.

మెట్లెక్కి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. గడియారాలావిడ ఏమీ అనకుండా ఆమె భుజం తట్టి కిందికి వెళ్ళిపోయింది. వదిన మంచం మీద గోడవైపు తిరిగి ఉంది. రెండు రోజుల్లో మనిషి అంతలా తగ్గిందా, లేక ఇన్నాళ్ళూ తనే చూడలేదా అన్నది పిచ్చుకకు తెలియలేదు. కుట్టు మీద కుట్టు వేసిన ఆ గౌను కూడా మళ్ళీ వదులుగానే ఉంది.

"వదినా."

వదిన కళ్ళు తెరిచి, ఇటు తిరిగి, ముందు అడిగింది ఆట గురించే. "వేశావా?"

"వేశాను."

"నిజంగా? ఎక్కడ?"

"పైవరసలో. మూలకి."

"ఎర్రగడి తగిలిందా?"

"తగిలింది."

వదిన నవ్వింది. నవ్వడానికి బుగ్గల్లో కండ లేదు, అయినా అది పాత నవ్వే. "మరి గెలిచావా?"

"మధ్యలో లేచి వచ్చేశాను. నిన్ను చూడాలనిపించింది."

"పిచ్చిమొహమా" అంది వదిన. చెయ్యి చాపితే పిచ్చుక పట్టుకుని మంచం అంచున కూర్చుంది. కాసేపటికి వదినే మళ్ళీ మాట్లాడింది, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ. "నీకో సంగతి చెప్పనా? ఆ రోజు డాక్టరమ్మ గదిలో నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదే. ఏం చెబుతుందో, ఏం వినాలో అని. ఇంతలో నువ్వు తెలుసన్నావు. నీ మొహం చూశాను. మంచి బిళ్ళ వచ్చినప్పటి మొహం. హమ్మయ్య అనుకున్నా. ఇదేదో తగ్గే జబ్బేలే అనుకున్నా. ఆ రోజునుంచి కంటినిండా నిద్రపోయానే పిచ్చుకా. చాలాకాలం తర్వాత."

పిచ్చుక ఆమె భుజం మీదనుంచి జారిన గౌను సర్దింది.

"కానీ ఒళ్ళు చూస్తే ఇలా అయిపోతోంది. నిన్న సూది కూడా పట్టుకోలేకపోయాను." వదిన తన మణికట్టు పైకెత్తి చూసుకుంది. "ఇంతకీ ఆ మాటకి అర్థం ఏమిటే?"

ఆ ఇంట్లో ఎవరూ అడగకూడదని తను పెట్టిన చట్టాన్ని వదినే దాటింది. పిచ్చుక నోరు తెరిచింది. వట్టి నీరసం అని ఒక అబద్ధం ఆడితే సరిపోయేది. అన్ని ఇళ్ళ మాటలూ కంఠతా వచ్చిన మనిషికి ఆ రెండు మాటలు నోట రాలేదు. నిజం అసలే రాలేదు. చేతికి అందినది ఆ పాత చట్టం ఒక్కటే. దాన్నే పట్టుకుంది.

"అర్థం అడిగావు వదినా" అంది, నవ్వుతున్నట్టు అనాలని చూస్తూ. "నీ వంతు పోయింది."

అంది గాని, ఆమె కింది పెదవి అప్పటికే ముందుకు వచ్చేసింది.

వదిన ఆ మొహాన్ని చూసింది. తన బిళ్ళలు చూసుకునే ముందు ఎప్పుడూ చూసినట్టే, తాపీగా, వదలకుండా చూసింది. చూడాల్సినదంతా చూసింది. ఆమె వేళ్ళు పిచ్చుక చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదులయ్యాయి.

"అలాగా" అంది. "పోయిందా నా వంతు?"

కిటికీ అవతల ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"సరేలే. నువ్వాడు" అంది వదిన.

పిచ్చుక ఆమె ఒడిలో తలపెట్టి బావురుమంది. "నాకు తెలియదు వదినా. తెలియకుండానే తెలుసన్నాను. తెలిసి ఉంటే నిన్ను వదిలి గడప దాటేదాన్నా?"

"నాకూ తెలియదుగా" అంది వదిన, ఆమె జుట్టు సవరిస్తూ. "అంతా నీ ఒక్కదాని మీదే వేసుకుంటావేం? చట్టం పెట్టింది నేను." తర్వాత చాలాసేపటికి, "ఆ నిద్ర మాత్రం బాగుందే" అంది.

ఆ తర్వాత పిచ్చుక గడప దాటలేదు. మూడోరోజు పొద్దున, పాలు కాచి తెచ్చేలోగా వదిన పోయింది.

చుట్టాలు రావడానికి ఇంకా టైముంది. గడియారాలావిడ బీరువా తెరిచి, "ఏ బట్ట వేద్దామమ్మా?" అని అడిగింది. పిచ్చుక వదినకు ఇష్టమైన నీలంగౌను తీసి, కిందికి కొట్టులోకి పట్టుకెళ్ళి, కటింగు బల్ల మీద తిరగేసి పరిచింది. లోపలి కుట్ల వెంట సుద్ద గీతలు ఇంకా ఉన్నాయి. అన్నీ వదిన చేతి గీతలే. మొదటివి నిటారుగా ఉన్నాయి, తర్వాతవి వంకరపోయాయి. వాటి పక్కన మడతలు మడతలుగా, మళ్ళీ ఒళ్ళు చేస్తుందని దాచి ఉంచిన గుడ్డ.

టేపు తీసుకోవాల్సిన పని లేకపోయింది. ఆ కొలత ఆమె చేతులకు తెలుసు. చివరి గీతకు లోపలగా ఇంకో కుట్టు వేసింది. మిషను ఆపి, మేకుకు వేలాడుతున్న వదిన కత్తెర తీసుకుంది. ఇన్నాళ్ళూ కత్తిరించని ఆ గుడ్డను కుట్టు పక్కనే కత్తిరించేసింది.